చెప్పానో లేదో

జనవరి 9, సోమవారం

తెల్లవారుజాము నుంచి వాన. కత్తులు రెండూ సాన పట్టాను. ఇంటి వెనక కాలవలో పేరుకున్న ఆకులు తీశాను, నీళ్ళు కదిలాయి. కొట్లో కోళ్ళు కోశాను. అన్నిటికీ చెప్పాను.

జనవరి 11, బుధవారం

వాన. కోశాను. చెప్పాను.

ఒక గోధుమరంగు పెట్ట దగ్గర మాత్రం వెనక లారీ హారన్ మోగింది. ఆ క్షణంలో, కోసేముందు చెప్పాల్సిన బిస్మిల్లా నా నోట్లోంచి వచ్చిందో రాలేదో. వచ్చింది. పెదవులు కదిలినట్టు గుర్తు. అయినా ఆ పెట్టను వేరే తొట్టిలో వేశాను, ఊరికే. ఒక్క కోడితో ఎవరి కొంపా మునగదు.

జనవరి 14, శనివారం

వాన లేదు. మలేషియాలో మా తైపింగ్ అంత తడి ఊరు లేదు, వాన లేని రోజు రాసుకోవాల్సిందే.

చైనావాళ్ళ కొత్త సంవత్సరానికి ఇంక వారమే. బుట్టల మీద బుట్టలు దిగుతున్నాయి. ఒక్కో కోడి దగ్గర ఆలస్యం చేస్తున్నానని మా యజమాని, తౌకే బూన్ సెంగ్, కనిపెట్టాడు. మా నాన్న ఈయన తండ్రి దగ్గర కోశాడు, నేను ఈయన దగ్గర కోస్తున్నాను. కొట్టు వాళ్ళది, కత్తి మాది. మా ముస్లింలు కొనే కోడి మావాళ్ళ చేతిలోనే తెగాలి.

"ఏం అంజాంగ్, కోడిని కోస్తున్నావా, దానికి పెళ్ళి చేస్తున్నావా? ఒకసారి చెప్తే చాలదా? ఆ చెవిలో ఒకసారి, ఈ చెవిలో ఒకసారి, మళ్ళీ ముక్కులో ఒకసారి చెప్తున్నావు."

"సరిగ్గా పలకలేదేమోనని, తౌకే."

"కోడి ఏమన్నా ఫిర్యాదు చేసిందా?"

ఈకలు పీకే యంత్రం దగ్గర ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను.

వేరే తొట్టి సగం నిండింది. ఇవేంటని అడిగాడు. వీటి సంగతి నాకు తెలీదన్నాను. తౌకే ఆ మాటకు నవ్వలేదు. సాయంత్రం ఆ తొట్టిని క్యాట్‌ఫిష్ చెరువువాడికి మేతకని ఇచ్చేశాడు.

జనవరి 17, మంగళవారం

వాన. చెప్పాను.

సల్బియాను అడిగాను. ఆమె కొట్టుకు రాదు, చూడదు. అయినా అడిగాను.

"చెప్పే ఉంటారు అబాంగ్. ఇన్నేళ్ళుగా చెప్తున్న నోరు ఒక్కరోజులో మరిచిపోతుందా?" అంది. మొగుణ్ణి ఎప్పుడూ అబాంగ్ అనే పిలుస్తుంది. మనసు తేలికపడింది. భార్య అంటే అలా ఉండాలి.

భోజనానికి ముందు మళ్ళీ అడిగాను. అదే మాట చెప్పింది. కానీ ఈసారి పొయ్యి వైపు తిరిగి చెప్పింది కాబట్టి లెక్కలోకి రాదనిపించింది.

జనవరి 19, గురువారం

ఆ చెరువు చేపలు బుధవారం సంతలో అమ్ముతారట. సల్బియా నిన్న అవే కొని సంబల్ కారం వేసి వండింది. ఆ చేపలు తిన్నది ఆ కోళ్ళనే. నేను తినలేదు, ఆమెను తిననివ్వలేదు. కడుపు బాగాలేదన్నాను. "మీ కడుపు బాగాలేకపోతే నా నోరు కట్టేయడమేంటి?" అంది. అదీ నిజమే.

జనవరి 20, శుక్రవారం

నమాజ్ అయ్యాక ఇమామ్ జుబీర్‌ను ఆపాను. ఆయనా నేనూ ఒకే ఏడు బడి మానేశాం. ఆయన మళ్ళీ వెళ్ళి చదువుకున్నాడు. నేను వెళ్ళలేదు, చదవడం రాయడం దుకాణం బోర్డులు చూసి నేర్చుకున్నాను.

"మరిచిపోయి చెప్పకపోయినా మాంసం పాడవదు అంజాంగ్. మన మజ్‌హబ్‌లో, అంటే మనం నడిచే ధర్మశాఖలో, చెప్పడం మంచి పద్ధతి, అంతే. కోసేవాడు మనవాడు, గొంతూ తెగింది, వెనక అన్నం దిగే గొట్టమూ తెగింది. హలాల్."

"కచ్చితంగానా?"

"నన్ను అడుగుతున్నావా, కితాబును అడుగుతున్నావా?"

ఎంత సులువు. ఇన్నాళ్ళూ బుర్ర పాడుచేసుకున్నాను. మోటారుసైకిల్ ఆపకుండా వానలో తడుస్తూ ఇంటికొచ్చాను. జబ్బు పోయింది. ఇంక ఈ సంగతి రాయను.

జనవరి 21, శనివారం

గొంతు తెగింది సరే. వెనక గొట్టం పూర్తిగా తెగిందా?

జనవరి 24, మంగళవారం

వాన. కోశాను. చెప్పాను. ప్రతి మెడా వేలితో తెరిచి చూశాను. చూస్తున్నంతసేపూ తెగినట్టే ఉంది. వేడినీళ్ళలో పడ్డాక తెగినట్టు లేదు.

తౌకే ఒక పెట్టె తెచ్చి నేను కోసే చోట గోడకు తగిలించాడు. స్పీకర్. నొక్కగానే ఎవరిదో కమ్మని గొంతు, బిస్మిల్లా, అల్లాహు అక్బర్, బిస్మిల్లా, అల్లాహు అక్బర్, ఆగకుండా.

"ఇదిగో, నీ కష్టం తీరింది. నువ్వు మరిచిపోయినా ఇది మరిచిపోదు. కరెంటు పోతే బ్యాటరీ కూడా ఉంది."

మంచి మనసుతోనే తెచ్చాడు, నేనేమనగలను. దాని గొంతులో నా గొంతు నాకు వినపడలేదు. చెప్పింది అదా, నేనా? మధ్యాహ్నానికే వేరే తొట్టి నిండిపోయింది.

"కట్టెయ్యండి తౌకే."

"ఏం, గొంతు నచ్చలేదా? ఇంకోటి పెట్టించనా?"

తర్వాత అందరూ టీకి వెళ్ళాక నా పక్కన నిలబడ్డాడు. "చూడు అంజాంగ్. నువ్వు చెడిపోయావని అనుకోను. కానీ ఉపవాసాల నెలకు నాకు రెండింతలు కోళ్ళు పోవాలి. అప్పటికి నువ్వు మామూలు మనిషివి కాకపోతే కాముంటింగ్ నుంచి ఇంకొకణ్ణి తెస్తాను. ఆ కత్తి పని వాడికిస్తాను. తిట్టుకోకు."

తిట్టుకోలేదు.

జనవరి 25, బుధవారం

సల్బియా వాళ్ళన్న దువా చదివి ఊదిన నీళ్ళు తెచ్చాడు. తాగాను. సీసాకు మూత పెట్టాను. పెట్టాను.

జనవరి 26, గురువారం

ఫోన్‌ను జేబులో పెట్టుకుని నా గొంతు రికార్డు చేశాను. ఇంటికొచ్చి గదిలో కూర్చుని విన్నాను. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. సల్బియా తలుపు దగ్గర నిలబడి ఉంది. ఎప్పటి నుంచి ఉందో. "ఏం వింటున్నారు?" అంది. "వాన" అన్నాను.

ఇంట్లో కోడి వండడం మానేయమన్నాను.

జనవరి 27, శుక్రవారం

ఇమామ్ దగ్గరికి వెళ్ళాను. నిన్నా వెళ్ళాను. మొన్నా వెళ్ళాను అనుకుంటా.

"ఇదే ప్రశ్న ఎన్నిసార్లు? ఇది వస్వాస్ అంజాంగ్. షైతాన్ చెవిలో ఊదే అనుమానం. పట్టించుకోకు."

"పట్టించుకోకుండా ఎలా ఉండాలి?"

గడ్డం నిమురుకున్నాడు. "అది నాకు తెలీదు. దప్పికైనవాడికి నీళ్ళిస్తే తీరాలి. నీకు తీరకపోగా పెరుగుతోంది. అంటే ఇది దప్పిక కాదు. ఆసుపత్రికి వెళ్ళు."

"నాకు పిచ్చంటారా?"

"పన్ను నొప్పెడితే దువా చేసి ఊరుకున్నావా? పీకించుకున్నావు. నీ వెంట నేనే వచ్చాను. సూది చూసి ఏడ్చావు కూడా."

అదేం ఏడుపు కాదు. కళ్ళలో నీళ్ళొచ్చాయి, అంతే.

ఫిబ్రవరి 2, గురువారం

వాన. కోయలేదు, సెలవు పెట్టాను. పెద్దాసుపత్రి. కుర్ర డాక్టరు ఓపిగ్గా విన్నాడు. మాత్రలు రాశాడు. పక్క గదిలో కౌన్సిలర్ దగ్గరికి పంపాడు. పెద్దావిడ, అమ్మలా మాట్లాడింది. అనుమానం వచ్చినప్పుడల్లా గుండె మీద చెయ్యి పెట్టుకుని, కళ్ళు మూసుకుని, నేను చెప్పాను, అంతా బాగుంది అని చెప్పుకోమంది. బయటికొచ్చేటప్పుడు తేలిగ్గా ఉంది. మందు దొరికింది.

ఫిబ్రవరి 6, సోమవారం

కత్తి చేతిలో ఉండగా గుండె మీద చెయ్యి పెట్టాలంటే కత్తి ఎడమచేతికి మార్చుకోవాలి. మారుస్తుంటే మాట మధ్యలో తెగిపోయింది. మళ్ళీ మొదటి నుంచి. ఇప్పుడు రెండు విషయాలు: బిస్మిల్లా చెప్పాలి, చెప్పానని కూడా చెప్పాలి. తౌకే దూరం నుంచి చూస్తున్నాడు. నవ్వడం మానేశాడు.

అయినా బాగానే ఉంది. అలవాటు పడాలి.

ఫిబ్రవరి 9, గురువారం

సల్బియా వాళ్ళ చుట్టం చెప్తే సంత దగ్గర మేడ మీద ఇంకో కౌన్సిలర్ దగ్గరికి వెళ్ళాను. మెత్తటి కుర్చీ.

"మీ నాన్న అంటే మీకు భయమా?"

"లేదు."

"కోడిని చంపుతున్నందుకు లోపల బాధగా ఉందా?"

"కోయడానికి బాధ లేదండీ. సరిగ్గా కోశానో లేదోనని బాధ."

"మీరు కోపాన్ని మింగేస్తున్నారు" అన్నాడు. వచ్చేవారం నాన్న గురించి ఇంకా తవ్వుదామన్నాడు.

దారి పొడుగునా ఆలోచించాను. నాన్న అంటే నాకు కోపం ఉందా? సల్బియాను అడిగితే, "కూరలో ఉప్పు లేకపోయినా మీకు కోపం రాదు, అదే నా ఏడుపు" అంది.

వెళ్ళేటప్పుడు ఒక్క అనుమానం. వచ్చేటప్పుడు రెండు. మళ్ళీ వెళ్ళను.

ఫిబ్రవరి 14, మంగళవారం

మాత్రల కోసం ఆసుపత్రి. కుర్ర డాక్టరు, తగ్గిందా అని అడిగాడు. తగ్గిందన్నాను. మరి చెయ్యెందుకు గుండె మీద ఉందన్నాడు. చూసుకుంటే నిజంగానే ఉంది.

అంతా చెప్పాను. ఆయన తలుపు వేసి గొంతు తగ్గించాడు. "మా కౌన్సిలర్ మంచిదే. కానీ ఇది ఆమె నేర్చుకున్న జబ్బు కాదు. ఓసీడీ అంటారు దీన్ని. దీనికి ధైర్యం చెప్పేకొద్దీ ముదురుతుంది. మాత్ర కొంత పనిచేస్తుంది. మిగతాదానికి దీంట్లోనే తర్ఫీదు అయినవాళ్ళు కావాలి. మా దగ్గర లేరు. బయట వెతుక్కోండి. ఫోన్లో ఒక్కటే అడగండి: భయం దగ్గరికి నన్ను తీసుకెళ్ళి, చెయ్యాలనిపించేది చెయ్యకుండా ఉండడం నేర్పిస్తారా అని. జవాబు తడబడితే పెట్టేయండి."

ధైర్యం చెప్తే ముదిరే జబ్బు ఏమిటో. అలాంటిది ఉంటుందా?

ఫిబ్రవరి 16, గురువారం

వాన. పని తొందరగా ముగించి ఫోన్ పట్టుకు కూర్చున్నాను. సల్బియా నంబర్లు చదివింది.

ఒకామె: "మా దగ్గర అన్నీ చూస్తాం అంకుల్. ఆందోళన, నిద్ర పట్టకపోవడం, మొగుడూపెళ్ళాల గొడవలు, పిల్లలు పరీక్ష తప్పడం."

నేను ఆ ప్రశ్న అడిగాను.

"అదీ చూస్తాం."

"ఎలా చేస్తారమ్మా?"

"ముందు మీరు రండి, చూద్దాం."

పెట్టేశాను. సల్బియా, "ఈమె బట్టల కొట్టు కూడా నడుపుతుందేమో" అంది.

ఇంకొకరు ఎత్తలేదు. మరొకాయన ప్రశ్న పూర్తిగా విని, "దాని గురించి రెండు రోజుల తరగతికి వెళ్ళాను. అది చాలదు. మీమీద నేర్చుకోవడం నాకిష్టం లేదు. ఈపోలో మిస్ చువా అని ఉన్నారు, ఆవిడ చదివింది ఇదే, చేసేదీ ఇదే" అని నంబరు చెప్పాడు.

"ఇంతమందిలో నాకు రాదు అన్నవాడి మాటే నమ్మబుద్ధేస్తోంది" అంది సల్బియా.

ఫిబ్రవరి 17, శుక్రవారం

ఫోన్ చేయలేదు. చైనా ఆవిడ. పంది తినే మనిషికి హలాల్ గొడవ ఏం తెలుస్తుంది?

ఫిబ్రవరి 18, శనివారం

చేయలేదు. కిటికీ కీలుకు నూనె వేశాను.

ఫిబ్రవరి 21, మంగళవారం

తౌకే ఎవరితోనో ఫోన్లో కాముంటింగ్ అన్నాడు. నా గురించి కాకపోవచ్చు.

మిస్ చువాకు ఫోన్ చేశాను. ప్రశ్న అడిగాను. "నేర్పిస్తాను. సుఖంగా ఉండదు" అంది.

"మీరు ముస్లిం కాదు కదా."

"కాదు."

"మరి నేను చెప్పానో లేదో మీకెలా తెలుస్తుంది?"

"తెలీదు. మీకు తెలుస్తోందా?"

సల్బియా నా మోకాలు గిల్లింది. వచ్చే గురువారం కాక పై గురువారానికి సరేనన్నాను.

మార్చి 2, గురువారం

రైల్లో ఈపో. దారంతా ఎండ.

చిన్న గది. మెత్తటి కుర్చీ లేదు, చెక్క కుర్చీ. మిస్ చువా నా కూతురి వయసు ఉంటుంది, నాకు కూతురుంటే. నేను చెప్తుంటే ఆమె మధ్య మధ్యలో, "అప్పుడు ఏం చేశారు?" అంటుంది. నాన్న గురించి అడగలేదు. క్యాట్‌ఫిష్ సంగతి చెప్తే నవ్వలేదు. "తర్వాత చేపలు తిన్నవాళ్ళు కూడా అనుమానంలోకి వచ్చారా?" అని అడిగింది. ఎలా తెలిసిందో. ఆ మాట సల్బియాకు కూడా చెప్పలేదు.

చివర్లో నేను బతిమాలాను. "ఒక్కసారి హలాలే అనండి మిస్. చాలు."

"నేను పొద్దున పంది మాంసం నూడుల్స్ తిని వచ్చాను అంకుల్. నా మాటకేం విలువ?"

"అయినా అనండి."

ఆమె అనలేదు. "హలాల్ అంటే ఏంటో సరిగ్గా తెలియని మనిషి నోటి నుంచి కూడా ఆ మాట కావాలి మీకు. ఇది కోడి గొడవ కాదు. మతం గొడవ కూడా కాదు. ఇమామ్ చెప్పిన నియమం ఉంది. దాన్ని మార్చే హక్కు నాకు లేదు, మీకూ లేదు. ఆ నియమం దాటి మీరు చేసేదంతా జబ్బు చేయించేది."

సరిచూసుకోవడానికి ఏమేం చేస్తారో చెప్పమంది. సల్బియా, ఇమామ్, వేలు, తొట్టి, ఫోన్, గుండె మీద చెయ్యి. అన్నీ చెప్పాను. ఇంకేమైనా ఉన్నాయా అంది. లేవన్నాను. ఇవన్నీ ఒక్కొక్కటే మానేయాలి, అనుమానం ఉన్నా కోడిని మంచి తొట్టిలోనే వేయాలి అంది.

ఈ పుస్తకం సంగతి చెప్పలేదు. ఇది లెక్కల పుస్తకం. నాన్న కూడా రాసేవాడు.

ఇవాళ వాన లేదు, కోయలేదు కాబట్టి చెప్పాల్సింది లేదు.

మార్చి 3, శుక్రవారం

వాన. కోశాను. చెప్పాను.

మిస్ చువా సల్బియాతో కూడా ఫోన్లో మాట్లాడిందట. సాయంత్రం అడిగాను.

"నాకు తెలీదు" అంది.

"అదేంటి? ఎప్పుడూ చెప్తావుగా."

"ఇంక చెప్పను. చెప్పి చెప్పి నేనే మిమ్మల్ని ఇంత దూరం తెచ్చానట. నా నోటికి తాళం."

"ఒక్కసారి."

"అబాంగ్, కాళ్ళు పట్టుకున్నా చెప్పను. ఇన్ని రోజులూ మీరు అడిగితే జాలేసి చెప్పాను. ఇవాళ కూడా జాలేస్తోంది. అందుకే చెప్పట్లేదు."

లోపలికెళ్ళి తలుపు వేసుకుంది. లోపల ఏడ్చినట్టుంది. లేక వానో.

మార్చి 5, ఆదివారం

మిస్ చువా చెప్పేది పాపమేమో. అనుమానం ఉండగానే అమ్మేయమంటుంది. తినేవాళ్ళకు తెలియదు. వాళ్ళ పాపం ఎవరిది?

ఇమామ్ ఇంటికి వెళ్ళాను. మెట్లు ఎక్కకముందే, "చెప్పడానికి వచ్చావా, అడగడానికి వచ్చావా?" అన్నాడు.

"అడగడానికి."

"అయితే పో. సల్బియా ముందే వచ్చి నా నోరు కట్టేసి పోయింది. చెప్పడానికైతే రా, టీ తాగుదాం."

లోపలికి వెళ్ళాను. చెప్పడానికి ఏమీ లేక ఇద్దరం టీ తాగుతూ కూర్చున్నాం. ఆయన తన మోకాళ్ళ నొప్పి గురించి చాలాసేపు చెప్పాడు.

మార్చి 9, గురువారం

ఈపో. భయం ఎంత పెరుగుతుందో, ఎంతసేపుంటుందో చూస్తూ కూర్చోమంది. దాన్ని తరమొద్దట. పిలిచి కూర్చోబెట్టుకోవాలట. నాకు అర్థం కాలేదు. అర్థం కానక్కర్లేదు, చేస్తే చాలంది. వచ్చే గురువారం ఆమే కొట్టుకు వస్తానంది.

"అక్కడ రక్తం ఉంటుంది మిస్."

"ఉంటుందని తెలుసు" అంది. గొంతు కాస్త మారింది.

మార్చి 16, గురువారం

కుండపోత. మిస్ చువా రైలు దిగి గొడుగేసుకుని తడిసే వచ్చింది. తౌకే ఆమెతో వాళ్ళ చైనా భాష హొక్కియెన్‌లో ఏదో అన్నాడు, ఆమె నవ్వింది. నా గురించే అయి ఉంటుంది.

బోర్లించిన ప్లాస్టిక్ బుట్ట మీద కూర్చుంది. మొదటి కోడిని గరాటులో తలకిందులుగా దించి కోయగానే ఆమె ముఖం పాలిపోయింది. పెదవులు కూడా తెల్లబడ్డాయి. తౌకే మూలికల నూనె సీసా పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"వద్దండీ" అంది.

"పడిపోతావమ్మా! బయట కూర్చో, వీడెక్కడికీ పారిపోడు."

"నాకు రక్తం చూస్తే కడుపులో తిప్పుతుంది అంకుల్. తిప్పనీ. చూస్తూ కూర్చుంటాను. ఆయన ఆయన పని చేస్తారు, నేను నా పని చేస్తాను."

కత్తి పట్టుకుని ఆమె వైపు చూశాను. చేతులు బుట్ట అంచును గట్టిగా పట్టుకుని ఉన్నాయి. పారిపోలేదు. ఎవరినీ ఏమీ అడగలేదు.

"ఒక్కసారి చెప్పండి. కోయండి. మంచి తొట్టిలో వేయండి" అంది. "వేలు పెట్టొద్దు."

వేశాను. తెగిందా, చెప్పానా, లారీ, వాన, తెగిందా. "ఏమనిపిస్తోంది?" అంది. గొంతులో ఎవరో గుడ్డ కుక్కినట్టుందన్నాను. "ఉండనీ. తర్వాతది."

తర్వాతది. తర్వాతది. గుడ్డ పోలేదు. కానీ ఒకచోట, ఎప్పుడో, తౌకే ఎవరితోనో ధర గురించి పోట్లాడుతుంటే ఆ మాటలు వింటూ ఉండిపోయాను. కోస్తూనే ఉన్నాను. ఆ కాసేపు గుడ్డ సంగతి గుర్తు లేదు.

వేరే తొట్టిని తౌకే బోర్లించి దాని మీద తన టీ గ్లాసు పెట్టుకున్నాడు.

చెప్పాను.

మార్చి 19, ఆదివారం

గురువారం కోళ్ళన్నీ అమ్ముడుపోయాయి. తినేశారు. ఇంక వెనక్కి తెచ్చేది లేదు. నిద్ర పట్టలేదు.

ఈ పుస్తకం వెనక్కి తిప్పి గురువారం పేజీ చూశాను. చెప్పాను అని ఉంది. గబగబా రాసినట్టుంది. గబగబా రాసింది నమ్మొచ్చా? దాని కింద మళ్ళీ నెమ్మదిగా రాశాను. ఇది సరిచూసుకోవడం కాదు. లెక్క ఒకసారి తిరగేసుకోవడం.

మార్చి 20, సోమవారం

మళ్ళీ తిరగేశాను.

మార్చి 23, గురువారం

ఉపవాసాలు మొదలు. వాన లేదు. కోశాను. చెప్పాను.

కాముంటింగ్ నుంచి జోహాన్ వచ్చాడు. తౌకే మాట మీద నిలబడ్డాడు, పూర్తిగా కాదు. "ఆవిడ వచ్చి వెళ్ళినప్పటి నుంచి నీ చెయ్యి కదులుతోంది. కానీ నాకు ఇంకా భయంగానే ఉంది. సగం వాడు, సగం నువ్వు. పండగయ్యాక చూద్దాం" అన్నాడు. నాన్న కత్తి నా దగ్గరే ఉంది. జోహాన్ తన కత్తి తెచ్చుకున్నాడు.

జోహాన్ చెప్తున్నాడో లేదో నాకు వినపడదు. అతని గురించి ఒక్కసారి కూడా అనుమానం రాలేదు. ఇది ఇంటికొచ్చాక తట్టింది. ఎందుకు రాలేదో అర్థం కాలేదు.

ఏప్రిల్ 3, సోమవారం

వాన. వేలు పెట్టలేదు. ఒకదానికి పెట్టాను.

ఏప్రిల్ 6, గురువారం

ఈపో. వేలు పెట్టిన సంగతి చెప్పాను. తిట్టలేదు. మామూలే, మళ్ళీ మొదలుపెట్టండి అంది. నయమైపోతానా అని అడిగాను. ఆ ప్రశ్నకు కూడా జవాబు చెప్పలేదు. ఈ మనిషికి జవాబులంటే ఏం పగో.

ఏప్రిల్ 13, గురువారం

మిస్ చువా కొత్త పని ఇచ్చింది. పండగ ముందురోజు ఇంట్లో ఒక కోడిని నేనే కోయాలి. సల్బియా వండాలి. ఇద్దరం తినాలి. ఎవరినీ అడగకూడదు, ఎక్కడా సరిచూసుకోకూడదు.

"కొట్లో కోడి ఎవరో తింటారు. ఇది మీ ఆవిడ తింటుంది. అందుకే ఇది పెద్దది" అంది.

"ఎక్కడా అంటే?"

"ఎక్కడా" అంది. "ఎందుకడిగారు?"

"ఊరికే."

ఏప్రిల్ 20, గురువారం

నెలవంక కబురు రేడియోలో చెప్పారు. శనివారం పండగ. సల్బియాతో, రేపు కోడి వద్దు, గొడ్డు మాంసం తెద్దామన్నాను.

"రెండాంగ్ కూరకు మసాలా నూరేశాను" అంది.

"గొడ్డు మాంసానికి పనికిరాదా?"

"పనికొస్తుంది. కానీ నేను చెయ్యను." చేతులు కడుక్కుని నా ఎదురుగా కూర్చుంది. "జనవరి నుంచి ఈ ఇంట్లో కోడి ముట్టలేదు. మీరు వద్దన్నారని చేప మానేశాను. పుట్టింట్లో బారసాలకు వెళ్ళి ఉత్త అన్నం తిని వచ్చాను, మీకు తెలిస్తే బాధపడతారని. ఇంక నావల్ల కాదు అబాంగ్. రేపు మీరు కోసింది నేను తింటాను. మీరు తిన్నా తినకపోయినా తింటాను. మీరు తినకుండా కూర్చుని నేను తింటుంటే చూస్తారు, అంతే."

బారసాల సంగతి నాకు తెలియదు.

ఏప్రిల్ 21, శుక్రవారం

మధ్యాహ్నం నుంచి మబ్బు పట్టింది కానీ కురవలేదు. కొట్లో నా వంతు ముగించి తొందరగా వచ్చాను. తౌకే నారింజపళ్ళ సంచీ ఇచ్చి, "మీ ఆవిడకు, నీకు కాదు" అన్నాడు. కొబ్బరి కోరి ఇచ్చాను. కిటికీలు తుడిచాను. వాకిట్లో దీపాలకు నూనె పోశాను.

పుంజును సల్బియా వాళ్ళన్న ఇచ్చాడు. ఎర్రది, మొండిది, పట్టుకోబోతే ఆయన్నే పొడిచింది. పెరట్లో సల్బియా దాని కాళ్ళు పట్టుకుంది. ముఖం పక్కకు తిప్పుకుంది.

"నా ముఖం చూడొద్దు" అంది.

"చూడట్లేదు" అన్నాను. చూశాను. చెవి, మెడ మాత్రమే కనిపించాయి.

ఇంట్లో వేరే తొట్టి లేదు. ఉన్నది ఒక్క కుండే. ముక్కలు కొట్టి ఇచ్చాక ఆమె ఒక్కొక్కటే మసాలాలో వేస్తుంటే పక్కనే నిలబడ్డాను. గొంతులో గుడ్డ ఉంది. నిలబడ్డాను. ఇల్లంతా లెమన్‌గ్రాస్, వేగిన కొబ్బరి. ఈ వాసన ఈ ఇంట్లో ఎన్నాళ్ళయిందో. ఉపవాసం కదా, కడుపు నన్నడగకుండానే మూలిగింది. ఆమె విని నవ్వింది.

అజాన్ వినిపిస్తోంది. సల్బియా రెండు కంచాలు పెట్టిన చప్పుడు.

"అబాంగ్, ఖర్జూరం నోట్లో వేసుకుని రండి, చల్లారిపోతుంది. నేను మొదలుపెట్టేస్తున్నా!"

వస్తున్నానన్నాను. ఇవాళ్టిది రాసేసి లేస్తాను. ఎక్కడా అంది మిస్ చువా, కానీ ఇది లెక్కల పుస్తకమే కదా. మబ్బు. కొబ్బరి కోరాను. కిటికీలు తుడిచాను. నూనె పోశాను. పుంజును కోశాను. కోసేటప్పుడు